కరవది సన్నాయి, కావేరి తీరము

గత శతాబ్దపు నడిమి సంవత్సరములలో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములందు పెండ్లి కుదిరినదనగా ఇంటి పెద్ద ముహూర్తము తరువాత విచారించుకొనునది మేళమును గూర్చియే. పురోహితుడు మారినను మంత్రము మారదు. వంటలో ఉప్పు కొంచెము తగ్గినను విందు గడచిపోవును. సన్నాయి బాగుండకున్నచో మాత్రము ఆ మాట ఏడాది పొడవునను ఊరిలో నలుగుచుండెడిది. కలిగినవారి ఇండ్లలో రెండు మేళములను పిలిపించుటయు కలదు. అప్పుడిక పెండ్లి పందిరి పోటీ పందిరియే. ఒకరు కల్యాణిని ఎత్తుకొని నిలిపినచో, రెండవవారు అదే రాగమును పై స్థాయిలో త్రిప్పి చూపుదురు; ఒకరి డోలు వేసిన జతికి రెండవవారి డోలు ఎదురుజతి వేయును. మధ్యస్థులుండరు, మార్కులుండవు. పందిరిలో కూర్చున్న రైతులే తీర్పరులు. వారు తల యూపుటయే బహుమానము.

ఇట్టి పోటీలు తెలుగుదేశమునకే పరిమితమైనవి కావు. స్కాట్లాండు కొండసీమలలో తోలు తిత్తిని చంకనిడికొని వాయించు వాద్యమొకటి కలదు. మన వీథి భాగవతములలో శ్రుతికై పట్టెడి తిత్తికి అది దూరపు చుట్టము. ఆ వాద్యకారులకు 1781లో ఫాల్‌కర్క్ పట్టణమున పోటీ నడచెను. నాటి నుండి అచ్చట తీర్పరులు, పతకములు, బహుమతులు ఏర్పడినవి; వాద్యకారుని చరిత్ర వ్రాయువానికి ఆ పట్టికయే ఆధారము. మన సన్నాయి విద్వాంసులకు అట్టి పట్టిక లేదు. పందిరి విప్పిన మరునాడే పోటీ సంగతి గాలిలో కలిసిపోవును. ఎందరో గొప్పవారి పేర్లు ఈ విధముగనే పోయినవి. ఆ పందిళ్ళ సీమ నుండి బయలుదేరి, దక్షిణ దేశమంతయు తన పేరు చెప్పుకొనునట్లు చేసికొనినవాడు షేక్ చిన మౌలానా.

ఆయన 1924వ సంవత్సరము మే 12వ తేదీన కరవది గ్రామమున జన్మించెను. కరవది ఒంగోలునకు ఉత్తరముగ, చీరాల, బాపట్ల, తెనాలి మీదుగ బెజవాడకు పోవు రైలుమార్గమున ఉన్న పల్లె. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలోనిదే. కావున ఆయన బాల్యమునందు కరవది, బాపట్ల, తెనాలి, రేపల్లె అన్నియు ఒక్క జిల్లాలోని ఊళ్ళు. ఇప్పుడు వేరు వేరు జిల్లాల పేర్లు పెట్టుకొనినను నాటి మేళగాండ్రకు అది యంతయు ఒక్కటే నేల.

ఆ వంశమువారు సుమారు మూడు వందల యేండ్లుగా నాదస్వరమునే నమ్ముకొనినవారని ప్రతీతి. గుంటూరు, ఒంగోలు ప్రాంతములలో సన్నాయి విద్య చాలవరకు ముస్లిము కుటుంబముల చేతిలో ఉండుట దూరప్రాంతములవారికి వింతగా తోచవచ్చును. ఇక్కడివారికి అందులో వింత యేమియు లేదు. తెల్లవారుజామున గుడిలో మేలుకొలుపు వాయించువాడు, శ్రీరామనవమి పందిరిలో త్యాగరాజ కీర్తన నెత్తుకొనువాడు, తాళి కట్టు వేళ గట్టిమేళము మ్రోగించువాడు ఏ మతమువాడని అడుగు అలవాటు ఈ సీమలో లేదు. వాయించినది శ్రుతిలో ఉన్నదా లేదా అని మాత్రము అడిగెడివారు.

చిన మౌలానాకు మొదటి గురువు తండ్రి కాశిం సాహెబు. సన్నాయి నేర్చుట ఎట్టిదో దూరము నుండి చూచువారికి తెలియదు. వీణకు మెట్లున్నవి, హార్మోనియమునకు మీటలున్నవి. సన్నాయికి ఉన్నవి వ్రేళ్ళతో మూయు ఏడు రంధ్రములు, శ్రుతి సరిచేయుటకు మైనముతో మూసియుంచు మరి అయిదు. తక్కిన స్వరస్థానము లన్నియు వాయించువాని పెదవులలోను, ఊపిరిలోను, రంధ్రమును సగము మూసి సగము విడుచు వ్రేలికొనలోను ఉండును. రెల్లుజాతి గడ్డితో చేసిన పీక చిన్నది. తేమ ఎక్కువైనను ఎండిపోయినను మాట వినదు. అందువలననే విద్వాంసుని మెడలోనో వాద్యమునకో ఒక పీకల గుత్తి వ్రేలాడుచుండును. శిష్యుడు మొదట నేర్చునది రాగము కాదు, ఒక్క స్వరమును వణకకుండ నిలుపుట. పొట్టలోని గాలి నంతయు పొదుపుగా ఖర్చుపెట్టుట నేర్వనివాడు ఎంత తెలివిగలవాడైనను ఈ విద్యలో నిలువలేడు.

తండ్రి తరువాత ఆయన చిలకలూరిపేటకు చేరి షేక్ ఆదం సాహెబు వద్ద శిష్యరికము చేసెను. చిలకలూరిపేట నాడు ఆంధ్ర నాదస్వరమునకు పుట్టినిల్లు వంటిది. ఆ సంప్రదాయపు గుణము తెలిసిన పెద్దలు దానిలో రెండు సంగతులను మెచ్చుకొనెడివారు. ఒకటి వ్రేళ్ళ వేగము. రెండవది కీర్తన వాయించుటలోని స్పష్టత. పందిరిలో ఎదురు మేళము కాచుకొని యుండగా తీరికగా రాగమును పరచుకొని కూర్చుండుటకు అవకాశము తక్కువ. బిరబిర స్వరములు కురియవలెను. కీర్తన విన్నంతనే ఇది ఫలానా అని రైతు గుర్తుపట్టవలెను. చిలకలూరిపేట బాణీని అట్లు తీర్చిదిద్దినది ఈ పందిళ్ళ పోటీయే అనిపించును. చిన మౌలానా ఆ బాణీలో ఆరితేరెను. యౌవనము నాటికే తన సీమలో పేరు వచ్చినది. ఆ పేరుతోనే జీవితాంతము గడపుకొనుటకు అడ్డులేదు. అనేకులు అట్లే గడపిరి.

ఆయన అట్లు గడపకపోవుటకు కారణమైనవాడు తిరువావడుతురై రాజరత్నం పిళ్లె. 1898లో జన్మించిన ఆ మహావిద్వాంసుడు 1956లో మరణించువరకు తమిళదేశపు నాదస్వరమునకు చక్రవర్తియే. తోడి రాగమనగానే ఆయన పేరు తలచెడివారు. అంతకుముందు నాదస్వరము పొట్టిదిగా, శ్రుతి హెచ్చుగా ఉండెడిది. దానిని తిమిరి యందురు. రాజరత్నం పిళ్లె పొడుగైన, శ్రుతి తగ్గిన బారి నాదస్వరమును ప్రచారములోనికి తెచ్చెను. శ్రుతి తగ్గుటతో వాద్యమునకు గాంభీర్యము వచ్చినది. వీథిలో ఊరేగింపునకు మాత్రమే తగినదనుకొన్న వాద్యము సభలో కూర్చుండి నాలుగు గంటలు వినదగినదైనది. గుడిముందు నిలబడి వాయించు మేళగాడు వేదికపై కూర్చుండి వాయించు విద్వాంసుడైనాడు. ఈ మార్పు సంగీతములోనిదే కాదు, సంఘములోనిది కూడ.

ఆ నాదము గ్రామఫోను పళ్లెముల ద్వారా, రేడియో ద్వారా తెలుగుదేశమునకు కూడ వచ్చుచుండెను. విన్నవారెందరో. విని మురిసినవారు కొందరు. విని అసూయపడినవారు కొందరు. విని, ఇది మన సంప్రదాయము కాదులే యని సమాధానపడినవారు మరికొందరు. తన చేతిలోనున్నది అసంపూర్ణమని తలచి, దానిని పూరించుకొనుటకై ఇల్లు విడిచినవాడు చిన మౌలానా.

ఆయన కుంభకోణము సమీపముననున్న నాచ్చియార్‌కోయిల్ గ్రామపు విద్వాంసులు రాజం పిళ్లె, దురైకన్ను పిళ్లె సోదరుల నాశ్రయించి తంజావూరు బాణీని అభ్యసించెను. ఆ ఊరు ఇత్తడి దీపస్తంభములకు, రాతి గరుడునికి ప్రసిద్ధి. ఇచ్చట ఒక్క సంగతి గమనింపవలెను. పసివాడు గురువునొద్దకు పోవుట ఒక ఎత్తు. తనకొక బాణీ అబ్బి, తనకొక పేరు వచ్చిన విద్వాంసుడు భాష వేరైన ఊరిలో మరల శిష్యుడగుట మరియొక ఎత్తు. వ్రేళ్ళకు అలవడిన వేగమును అణచుకొనవలెను. ఒక్క స్వరముపై నిలిచి, దాని చుట్టు తిరిగి, దాని నుండి మరియొక స్వరమునకు దారి తెన్ను చూపించు ఓర్పును తెచ్చుకొనవలెను. చేతి అలవాటును మార్చుకొనుట కొత్తగా నేర్చుకొనుటకంటె కష్టమని ఏ వృత్తివాడైనను చెప్పును.

దీనివలన ఆంధ్ర బాణీకి అన్యాయము జరిగినదని విచారించువారు లేకపోలేదు. అంతటి ప్రతిభావంతుడు చిలకలూరిపేట మార్గముననే నిలిచి దానినే పెంపొందించి యున్నచో ఆ బాణీకి నేడు దేశమున వేరొక స్థానముండెడిదని వారి వాదము. ఆ వాదమును త్రోసివేయ వీలులేదు. అయినను ఆయన వాదనమును శ్రద్ధగా విన్నవారికి మరియొకటి తోచును. తంజావూరు తీరిక పైకి కనిపించినను, అడుగున చిలకలూరిపేట వ్రేళ్ళు అట్లే యున్నవి. రాగము విలంబముగా సాగి సాగి ఒక్కసారి మెఱుపువలె జారు చోట, కల్పనస్వరములు పందెము వేసికొనినట్లు వచ్చు చోట, పెండ్లి పందిరిలో ఎదురు మేళమును ఓడించిన వేగమే వినబడును. ఆయన ఒకదానిని పారవేసి మరియొకదానిని కట్టుకొనలేదు. పాతదానికి తీరుబడి నేర్పెను.

మరియొక మేలు కూడ కలిగినది. దీనిని తెలుగువారు గుర్తించినంతగా తమిళులు గుర్తించిరో లేదో. సన్నాయిలో మాటలుండవు, కాని కీర్తనకు మాటలున్నవి. ఊపిరి ఎక్కడ తీయవలెనో, సంగతి ఎక్కడ విరువవలెనో నిర్ణయించునది ఆ మాటలే. సాహిత్యము తెలియనివాడు ఒక పదమును నడుమ రెండుగా తుంచి, తోకను పక్క పదమునకు అతికించును. పాట బాగుండును, అర్థము చచ్చును. త్యాగరాజ కీర్తనలు చిన మౌలానాకు తల్లినాట విన్న భాషలోనివి. రాముని పిలిచినచోట పిలుపు, నిందించినచోట నిందాస్తుతి, ప్రశ్నించినచోట ప్రశ్న ఆయన ఊపిరిలో విడివిడిగా వినబడెడివి. తెలుగు రాని శ్రోతకు గూడ అక్కడ ఏదో మాట పలికినట్లు తోచెడిది. రాముని యందు, రంగనాథుని యందు ఆయనకున్న భక్తి లోకవిదితమే. అది ఆయన తన మతమును విడుచుటవలన వచ్చినది కాదు. జీవితాంతము ముస్లిముగనే యుండెను.

ఇక రచన మాట. కీర్తన వాయించువాడు ఇతరుని రచన వాయించుచున్నాడు. రాగమాలపించువాడు తానే రచించుచున్నాడు. మన అవధానసభలలో పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యపై పద్యమును అక్కడికక్కడ అల్లినట్లు, నాదస్వర విద్వాంసుడు రాగపు కట్టుబాట్లలో ఉండి క్షణమునకొక వాక్యము చొప్పున అల్లుకొనిపోవును. అవధాని పద్యమును వ్రాసికొనువారుందురు. నాదస్వరములోని ఆశువును వ్రాసికొనువారు లేరు. ధ్వనిముద్రణములు వచ్చిన తరువాత మాత్రమే కొంత మిగిలినది. చిన మౌలానా స్వతంత్ర రచన యేదని అడిగినచో ఆ ముద్రణములలోని రాగాలాపనలనే చూపవలెను. పేరు పెట్టి పుస్తకములో అచ్చువేయునది కాకపోవుటచే దానిని రచన కాదనుట న్యాయము కాదు.

1953లో ఆంధ్ర రాష్ట్రము మద్రాసు నుండి వేరుపడెను. ఊళ్ళ పంపకము, నగరము ఎవరిదను తగవు, ఆస్తుల లెక్క ఇరువైపుల మనసులను కొంత నొప్పించినవి. అటుపిమ్మట, 1960 దశకములో, ఈ తెలుగు విద్వాంసుడు కాపురమును శ్రీరంగమునకు మార్చుకొనెను. కావేరి, కొల్లిడముల నడుమనున్న ఆ లంకపై ఏడు ప్రాకారముల గుడి, ఆ గుడి చుట్టు ఊరు. నాదస్వరమునకు తంజావూరు సీమ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. ప్రతి ప్రధానాలయమునకు ఒక మేళము, ప్రతి వేళకు ఒక రాగము, దేవుడు బయలుదేరినపుడు మల్లారి, తిరిగి వచ్చినపుడు వేరొకటి. అట్టిచోట ఆంధ్రదేశము నుండి వచ్చిన ముస్లిము ఒకడు నాదస్వరముతో నిలద్రొక్కుకొనవలెననగా అది పెండ్లి పందిరి పోటీకంటె కఠినమైన పరీక్ష. అచ్చట తల యూపవలసినవారు తరతరములుగా ఈ విద్యయందే పుట్టి పెరిగినవారు.

వారు తల యూపిరి. శ్రీరంగము ఈ విషయమున ఒక విధముగా ముందే సిద్ధపడి యున్న ఊరనవచ్చును. రంగనాథుని ఆలయములో తులుక్క నాచ్చియార్ సన్నిధి యొకటి కలదు. స్వామిని వలచి వచ్చిన ముస్లిము రాజకుమారిగా ఆమెను కొలుతురు, రొట్టె నివేదింతురు. మనవారు బీబీ నాంచారమ్మ యని పిలుచునది ఇట్టి కథలోని దేవినే. ఆమె సన్నిధి గల ఊరిలో చిన మౌలానా నాదస్వరము పరాయిదిగా తోచకుండుటలో ఆశ్చర్యము లేదు. అయినను కథ చెప్పుకొనుట సులభము. బ్రతికియున్న మనుష్యుని తమవానిగా ఎంచుకొనుట అంత సులభము కాదు. ఆ పనిని చేసినందుకు శ్రీరంగమును మెచ్చుకొనవలెను.

ఆ ఊరినుండియే ఆయన కీర్తి నలుదిక్కులకు ప్రాకెను. సింహళద్వీపమున తమిళులుండు ప్రాంతములలో ఆయన నాదస్వరమునకు ఆదరము మెండు. అమెరికా, ఐరోపా ఖండములలోను వాయించెను. 1977లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును ఆ యేడే లభించినది. బిరుదులు ఎన్ని యున్నను అవన్నియు వల్లెవేయుట వలన ప్రయోజనము లేదు. ఒక్కదానిని గూర్చి మాత్రము కొంత చెప్పవలెను.

మద్రాసు సంగీత అకాడమీ ఏటేటా ఒక విద్వాంసునికి సంగీత కళానిధి బిరుదమొసగును. కర్ణాటక సంగీతములో దానిని మించిన గౌరవము లేదని వాడుక. దానిని పొందినవారిలో గాయకులు ఎందరో, వైణికులు, వాయులీన విద్వాంసులు ఎందరో. నాదస్వర విద్వాంసులు మాత్రము మిక్కిలి అరుదు. 1956లో తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్లెకు లభించినది. రాజరత్నం పిళ్లె అంతటివానికే అది దక్కలేదు. గుడిముందర వాయించు వాద్యమును సభలోని వాద్యములతో సమానముగా చూచుటకు సభలవారికి చాలకాలము పట్టినది. సుబ్రహ్మణ్య పిళ్లెకు బిరుదము వచ్చిన నలువది రెండేండ్ల తరువాత, 1998వ సంవత్సరమునకు గాను, ఆ గౌరవము చిన మౌలానాను వరించెను. అప్పటికి ఆయనకు డెబ్బది నాలుగేండ్లు. ఎవని నాదము విని ఇల్లు విడిచెనో ఆ రాజరత్నము పొందని పీఠముపై ఆయన కూర్చుండెను.

ఆ తరువాత ఆయన ఎక్కువ కాలము జీవింపలేదు. 1999 ఏప్రిల్ 13వ తేదీన మరణించెను. డెబ్బది అయిదవ యేడు నిండుటకు ఇంక నెల దినములు కొఱత.

తెలుగుదేశమునకు ఆయన ఏమిచ్చెనను ప్రశ్న మిగిలియున్నది. ఆయన శ్రీరంగమున ఉండగా ఇక్కడి పందిళ్ళలో మార్పు వచ్చినది. బాకాల బ్యాండు మేళము వచ్చినది, లౌడుస్పీకరు వచ్చినది, పెండ్లి రెండు పూటలకు కుదించుకొనిపోయినది. రాత్రి తెల్లవార్లు మేళము వినుటకు కూర్చుండు రైతు కూర్చుండుట మానెను. ఎదురు మేళములు పోయినవి. పోటీ పోయిన తరువాత బాణీ నిలుచుట కష్టము. విద్వాంసులు లేకపోవుటచే శ్రోతలు తగ్గిరా, శ్రోతలు తగ్గుటచే విద్వాంసులు వలసపోయిరా అని తర్కించినను తేలునది కాదు. రెండును ఒకదానినొకటి త్రోసికొనిపోయినవి. చిన మౌలానా కరవదిలోనే యుండి యున్నచో ఈ ప్రవాహమును ఆపగలిగి యుండెడివాడా? ఒక్కని వలన అయ్యెడి పని కాదు. కాని ఇక్కడి పిల్లవాడొకడు సన్నాయిలో పెద్ద విద్య కోరినచో పోవలసిన చోటు చిలకలూరిపేటకు మారుగా శ్రీరంగమైనదనునది మాత్రము నిజము.

ఆ పిల్లల కొఱకే ఆయన శ్రీరంగమున శారదా నాదస్వర సంగీత ఆశ్రమమును నెలకొల్పెను. నాదస్వరమును వంశములో తండ్రి కొడుకునకు చెప్పుకొను ఆచారమునకు తోడు, వచ్చినవానికెల్ల చెప్పు పాఠశాల యొకటి ఉండవలెనని ఆయన తలంపు. తెలుగుసీమ నుండి వెళ్ళిన మేళగాండ్ర బిడ్డలకు అది రెండవ ఇల్లైనది. తన మనుమలు కాశిం, బాబులకు ఆయనయే గురువు. తాతతో కలిసి వాయించి, తాత అనంతరము ఇరువురును జంటగా వేదికలపై నిలిచిరి. పెద్ద మనుమని పేరు కరవదిలో తొలిపాఠము చెప్పిన ముత్తాతదే.

ఆ ఆశ్రమమున విద్య పూర్తిచేసికొనిన మరియొక జంట షేక్ మహబూబ్ సుభానీ, ఆయన భార్య కాలీషాబీ. వీరును ఆంధ్రదేశపు సన్నాయి కుటుంబములలో పుట్టినవారే. స్త్రీ నాదస్వరము పట్టుట మిక్కిలి అరుదైన కాలమున కాలీషాబీ భర్తతో సరిసమానముగా వేదిక నెక్కినది. వారిరువురు శ్రీరంగముననే స్థిరపడిరి. 2020లో దంపతులిరువురికిని కలిపి పద్మశ్రీ ప్రకటింపబడెను.